మైదా కాదు, మినుము ముఖ్యం: ఉదయానికి పండ్ల రొట్టె

ఉదయం తినే ఆహారాన్ని మనం అల్పాహారం అంటున్నాము. పేరులో అల్పత్వం ఉన్నది గాని, దాని పని అల్పమైనది కాదు. రాత్రి భోజనం తరువాత పది పన్నెండు గంటలు కడుపు ఖాళీగా ఉంటుంది. ఆ విరామాన్ని ముగించే మొదటి ఆహారంలో పీచు, మాంసకృత్తులు ఉంటే అది నెమ్మదిగా అరిగి మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. మైదా, చక్కెర మాత్రమే ఉంటే త్వరగా రక్తంలో కలిసి, త్వరగా ఖర్చయిపోయి, పదకొండు గంటలకే మళ్లీ ఆకలి పుట్టిస్తుంది.

మాది మచిలీపట్నం. మా ఇంట్లో ఉదయం పూట నలుగురికి నాలుగు అవసరాలు. మా వారికి మధుమేహం ఉన్నది. మా అత్తగారికి ఎనభై దాటినవి. పళ్లు లేవు, మలబద్ధకం ఉన్నది. మా కోడలు గుడివాడలో ఉద్యోగం చేస్తున్నది. ఏడు గంటలకే బస్సు ఎక్కవలెను. మా మనుమడికి ఎనిమిదేళ్లు. మెత్తగా, తియ్యగా ఉంటే తప్ప ఉదయం ఏదీ ముట్టడు. వాడి కోసం బేకరీ నుండి కప్పు కేకులు రావడం మొదలైనది. అవి ఇంట్లో ఉంటే వాడొక్కడే తినడు. తొందరలో కోడలు ఒకటి, ఎవరూ చూడనప్పుడు మా వారొకటి తింటారు.

అమెరికాలో ఉన్న మా అక్క కూతురు ఈ సంగతి విని, "పిన్నీ, ఇక్కడ మేము ఉదయం పూట పండ్ల మఫిన్లు చేసుకుంటాము. పీచు, ప్రోటీను ఎక్కువ ఉండేటట్లు చేసుకోవచ్చు. నువ్వు కూడా చేసి చూడు" అని పద్ధతి రాసి పంపింది. ఆ పద్ధతిని మన పప్పులకు, మన పండ్లకు, మన ఆయుర్వేద నియమాలకు తగినట్లుగా మార్చి ఆరు నెలలుగా చేస్తున్నాను. అందులో తేలిన విషయాలను పాఠకులతో పంచుకొనుటకే ఈ వ్యాసం.

మఫిన్ అంటే ఏమిటి?

మఫిన్ అనేది చిన్న గిన్నెల్లో పోసి కాల్చిన మెత్తని రొట్టె. ఇంగ్లండులో ఆ పేరుతో ఈస్టు వేసి పెనం మీద కాల్చే బిళ్ల రొట్టె వేరే ఉన్నది. ఇప్పుడు మనం చెప్పుకుంటున్నది బేకింగ్ పౌడరుతో పొంగే అమెరికా రకం. పిండి, తీపి, నూనె లేదా వెన్న, గుడ్డు, పండ్ల ముక్కలు కలిపి కాలుస్తారు. బేకింగ్ పౌడరులో వంటసోడా, పొడిరూపంలో ఉండే ఆమ్లం రెండూ ఉంటాయి. తడి, వేడి తగలగానే వాటి నుండి బొగ్గుపులుసు వాయువు పుట్టి పిండిని ఉబ్బిస్తుంది. ఇడ్లీ పిండిని రాత్రంతా పులియబెట్టి మనం సాధించే పనిని ఇది అరగంటలో చేస్తుంది.

దుకాణంలో అమ్మే మఫిన్ పేరుకు పండ్ల రొట్టె గాని, చాలా వరకు అది మైదాతో చేసిన కేకే. పైన నాలుగు ఎండుద్రాక్షలు అద్దినంత మాత్రాన అది ఆరోగ్యాహారం కాదు. ముదురు రంగును చూసి గోధుమ రొట్టె అనుకోవడం కూడా పొరపాటే. రంగు కలిపినా అలాగే కనిపిస్తుంది. పొట్లం మీద పదార్థాల పట్టిక చదవవలెను. ఎక్కువ బరువున్న పదార్థం పేరు ముందు, తక్కువది తరువాత వేయవలెనని మన దేశంలో నియమం ఉన్నది. మొదటి రెండు పేర్లు మైదా, చక్కెర అయితే ఆ పొట్లాన్ని అక్కడే ఉంచి రావచ్చును.

అంకెలు ఏమి చెబుతున్నవి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రకటించినది. వాటి ప్రకారం 100 గ్రాముల మైదాలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. పొట్టుతో ఆడించిన గోధుమ పిండిలో మాంసకృత్తులు దాదాపు అంతే గాని, పీచు 11 గ్రాములు. ఇక పొట్టుతో ఉన్న మినుములలో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు, పీచు 20 గ్రాములు. బియ్యంలో ఇవి వరుసగా 8, 3 గ్రాములు మాత్రమే.

ఈ అంకెలను ఒకసారి ఆలోచించి చూడండి. రొట్టెకు బలం ఇచ్చేది పండు కాదు. పండు తీపిని, తడిని, కొంత పీచును, వాసనను ఇస్తుంది. నూరు గ్రాముల అరటిపండులో మాంసకృత్తులు ఒక గ్రాము చుట్టుపక్కలే. రొట్టె ఉదయపు ఆహారం కావలెనంటే అందులో పొట్టుధాన్యం, పప్పు ఉండి తీరవలెను. ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

అరవై కిలోల బరువున్న ఆరోగ్యవంతునికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావలెను. రోజుకు 2,000 కేలరీల ఆహారం తీసుకునేవారికి పీచు 30 గ్రాముల వరకు ఉండవలెను. ఇందులో నాల్గవ వంతు అయినా ఉదయమే అందితే మిగిలిన రెండు పూటలకు భారం తగ్గుతుంది.

మినుములు పండే నేల మనది

మినుముల కోసం మనం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతకు కొద్ది రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుములు చల్లుతారు. కోత అయిన తరువాత నేలలో మిగిలిన తేమతోనే ఆ పైరు పెరిగి ఫిబ్రవరి, మార్చి నెలలకు చేతికి వస్తుంది. గుడివాడ చుట్టుపక్కల మాగాణిలోను, అవనిగడ్డ, కోడూరు వైపు దివిసీమ పొలాల్లోను తరతరాలుగా రైతులకు ఈ పద్ధతి తెలుసు.

దానికి తగిన వంటలు కూడా మన పెద్దలకు ఉండేవి. ఒక్క మినపపప్పుతోనే రుబ్బి గుడ్డ మీద ఆవిరి పట్టిన ఆవిరి కుడుము. మందపాటి గిన్నెలో కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు వేసి కాల్చిన దిబ్బరొట్టె. శ్రావణ భాద్రపదాల్లో తాటిపండు గుజ్జుతో చేసే తాటి రొట్టె. పైన, కింద సెగ తగిలేటట్లు కాల్చుటయే ఒవెన్ చేసే పని. అంటే పండ్ల రొట్టె కాల్చుట మనకు కొత్త విద్య కాదు. బేకింగ్ పౌడరు, చిన్న గిన్నెలు మాత్రమే కొత్తవి.

పొట్టు తీసిన ధాన్యం వలన కలిగే నష్టం కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో, మరలో తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యం తినే కోస్తా తెలుగు జిల్లాల్లో బెరిబెరి వ్యాధి కనిపించేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో అది తక్కువ. తవుడుతో పాటు బి1 విటమిను పోవడమే దానికి కారణం. ధాన్యాన్ని ఉడికించి ఎండబెట్టినప్పుడు ఆ విటమిను కొంత గింజ లోపలికి చేరుతుంది గనుక ఉప్పుడు బియ్యం తినేవారికి రక్షణ కలిగినది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకై మొదలైన చిన్న ప్రయోగశాలయే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఇప్పుడు బెరిబెరి అరుదు. కాని పొట్టు తీసిన తెల్లబియ్యానికి పొట్టు తీసిన తెల్ల మైదాను జోడిస్తున్నాము. పీచు లోపించిన ఆ జంటకు మధుమేహం, మలబద్ధకం ఉన్న ఇళ్లు ఎక్కువ వెల చెల్లించవలసి వస్తుంది.

ఆయుర్వేదం చేసే మూడు హెచ్చరికలు

మొదటిది మినుముల గుణం. ఆయుర్వేదంలో మినుమును మాషం అంటారు. అది గురువు, స్నిగ్ధం, ఉష్ణవీర్యం. వాతాన్ని హరిస్తుంది, బలాన్ని ఇస్తుంది, మలాన్ని ఎక్కువగా పుట్టిస్తుంది. ఈ చివరి గుణం నేటి వారు పీచు అని చెప్పేదానికి దగ్గరగా ఉన్నది. గురువు అంటే అరుగుటకు ఆలస్యం చేసేది. అందుచేత జఠరాగ్ని మందంగా ఉన్నవారు మినుముతో పాటు శొంఠి, జీలకర్ర, యాలకులు వంటి దీపన ద్రవ్యాలు తప్పక చేర్చుకొనవలెను.

రెండవది విరుద్ధాహారం. అరటిపండును మజ్జిగతో గాని, పెరుగుతో గాని, తాటిపండుతో గాని కలిపి తినరాదని వాగ్భటుని అష్టాంగ హృదయం చెబుతున్నది. మఫిన్ పద్ధతుల్లో పెరుగు, అరటిపండు కలపడం సాధారణం. ఆధునిక పోషకశాస్త్రం ఈ నిషేధాన్ని చెప్పదు. అయినా నీటితోనే రొట్టె చక్కగా వస్తున్నప్పుడు పెరుగు వేయనక్కరలేదు. తాటి రొట్టెలో అరటిపండు వేయకపోతే ఆ నియమమూ పాటించినట్లే.

మూడవది తేనె. చక్కెరకు బదులు తేనె వేస్తే ఆరోగ్యమని చాలామంది పిండిలో తేనె పోసి కాలుస్తారు. వేడి చేసిన తేనె హానికరమని చరక సంహిత స్పష్టంగా చెప్పినది. పోషణ రీత్యా చూసినా తేనెలోనిది చక్కెరే. కావలెనంటే చల్లారిన రొట్టె మీద అర చెంచా రాసుకొనవచ్చును గాని కాల్చే పిండిలో పోయరాదు.

అరటిపండు మినుము రొట్టె

కావలసిన పదార్థములు (12 రొట్టెలకు): పొట్టుతో ఆడించిన గోధుమ పిండి 150 గ్రాములు, మినపపిండి 100 గ్రాములు, వేయించిన వేరుశనగపప్పు పొడి 50 గ్రాములు, నువ్వులు 20 గ్రాములు, బాగా మాగిన అరటిపండ్ల గుజ్జు 250 గ్రాములు, బెల్లం తురుము 80 గ్రాములు, నువ్వుల నూనె 50 గ్రాములు, బేకింగ్ పౌడరు 2 చెంచాలు, శొంఠి పొడి అర చెంచా, యాలకుల పొడి అర చెంచా, ఉప్పు పావు చెంచా, నీరు తగినంత.

మినపపిండి అంటే సున్నుండలకు ఆడించే పిండియే. పొట్టు తీయని మినుములను సన్నని సెగపై కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చల్లార్చి, మర పట్టించవలెను. మాడితే చేదు వస్తుంది.

తయారు చేయు విధానము: పిండ్లు, పొడులు, బేకింగ్ పౌడరు కలిపి రెండు సార్లు జల్లించవలెను. జల్లెడలో మిగిలిన పొట్టును పారవేయక తిరిగి కలపవలెను. బెల్లాన్ని ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో కరిగించి వడకట్టి, చల్లారిన తరువాత అరటి గుజ్జు, నూనె చేర్చవలెను. ఈ తడిని పొడిలో పోసి గరిటెతో పది పన్నెండు సార్లు మాత్రమే తిప్పవలెను. ఎక్కువ కలిపితే గోధుమలోని జిగురు సాగి రొట్టె రబ్బరు వలె అవుతుంది. గరిటెతో ఎత్తితే ఇడ్లీ పిండి వలె బరువుగా జారి పడవలెను. గట్టిగా ఉంటే కొంచెం కొంచెంగా నీరు చేర్చవలెను. మినపపిండి నీరు ఎక్కువ పీలుస్తుంది గనుక ఇది చూసి తీరవలెను.

నూనె రాసిన చిన్న గిన్నెల్లో మూడు వంతులు నింపి, పైన నువ్వులు చల్లి, ముందుగా వేడి చేసిన ఒవెన్‌లో 180 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 22 నుండి 25 నిమిషాలు కాల్చవలెను. మధ్యలో చీపురు పుల్ల గుచ్చి తీస్తే పిండి అంటకుండా రావలెను. గుడ్డు తినేవారు రెండు గుడ్లు గిలకొట్టి చేర్చి ఆ మేరకు నీరు తగ్గించుకొనవచ్చును.

గోధుమ పిండిని పూర్తిగా మాని మినపపిండి ఒక్కటే వాడరాదా అని మా కోడలు అడిగినది. వేయించిన మినపపిండికి ఒంటరిగా గాలిని పట్టి ఉంచే జిగురు చాలదు. రొట్టె పొంగక పొడిపొడిగా విడిపోతుంది. గోధుమ మూడు పాళ్లు, మినుము రెండు పాళ్లు అయితే రుచికి, బలానికి రెంటికీ సరిపోతుంది.

ఈ లెక్కన గుడ్డు లేకుండా ఒక్కొక్క రొట్టెలో మాంసకృత్తులు సుమారు 4.5 గ్రాములు, పీచు సుమారు 4 గ్రాములు ఉంటాయి. రెండు తింటే 9 గ్రాముల మాంసకృత్తులు, 8 గ్రాముల పీచు. అదే 25 గ్రాముల మైదా పట్టిన కప్పు కేకులో ఆ మైదా వలన వచ్చే పీచు ఒక గ్రాము కూడా ఉండదు.

ఒవెన్ లేని ఇంట్లో

ఒవెన్ కొనలేదని విచారించనక్కరలేదు. దిబ్బరొట్టె కాల్చే మందపాటి ఇనుప గిన్నె అడుగున రెండు అంగుళాల మందాన శుభ్రమైన ఇసుక లేదా ఉప్పు పరచి, దాని మీద స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేయవలెను. పిండి పోసిన గిన్నెలను స్టాండు మీద ఉంచి, మూత వేసి సన్నని సెగ మీద 35 నుండి 40 నిమిషాలు కాల్చవలెను. ప్రెషర్ కుక్కరును నీరు లేకుండా పొయ్యి మీద పెట్టుట మంచిది కాదు; పాత్ర పాడవుతుంది.

పళ్లు లేని పెద్దలకు ఇదే పిండిని ఇడ్లీ రేకుల్లో పోసి పదిహేను నిమిషాలు ఆవిరి పట్టవచ్చును. పై పెచ్చు గట్టిపడదు గనుక మా అత్తగారు దీనినే ఇష్టపడతారు. గోరువెచ్చని పాలలో నానవేసి పెట్టనా అంటే, "వద్దమ్మా, అందులో అరటిపండు ఉన్నదిగా, వేడినీళ్లు చాలు" అని వారే చెబుతారు.

భాద్రపదంలో తాటి రొట్టె

దివిసీమ గట్ల మీద తాటిచెట్లకు కొదవ లేదు. వేసవిలో ముంజలకు, శీతకాలంలో తేగలకు ఉన్న గిరాకీ నడుమ వచ్చే పండుకు లేదు. పండిన తాటిపండు పిత్తాన్ని, కఫాన్ని పెంచుతుందని, అరుగుటకు కష్టమని భావప్రకాశం చెబుతున్నది. అందుచేత దీనిని మితంగా, శొంఠి చేర్చి, బాగా ఉడికించి తినవలెను.

తాటిపండు గుజ్జును పీచు లేకుండా గుడ్డలో వడకట్టి 300 గ్రాములు తీసుకొనవలెను. చేదుగా ఉన్న పండును వాడరాదు. 100 గ్రాముల పొట్టు మినపపప్పును నాలుగు గంటలు నానవేసి, పొట్టుతోనే మెత్తగా రుబ్బి గుల్లవచ్చేదాకా గిలకొట్టవలెను. అందులో జొన్న రవ్వ 150 గ్రాములు, బెల్లం 80 గ్రాములు, కొబ్బరి కోరు 50 గ్రాములు, శొంఠి, యాలకులు, గుజ్జు కలిపి గంటసేపు నాననివ్వవలెను. పూర్వం ఇందులో బియ్యపు రవ్వ వేసేవారు. జొన్న రవ్వ వేస్తే పీచు పెరుగుతుంది. నూనె రాసిన మందపాటి గిన్నెలో పోసి, మూత పెట్టి, సన్నని సెగపై నలభై నిమిషాలు కాల్చి, తిరగవేసి మరో పది నిమిషాలు ఉంచవలెను. బేకింగ్ పౌడరు అవసరం లేదు. పది ముక్కలుగా కోస్తే, గుజ్జును లెక్క వేయకుండానే ఒక్కొక్క ముక్కలో మాంసకృత్తులు, పీచు సుమారు నాలుగేసి గ్రాములు ఉంటాయి.

ఎవరు ఎంత తినవలెను?

ఆరోగ్యవంతులైన పెద్దలకు రెండు, పదేళ్ల లోపు పిల్లలకు ఒకటి చాలును. పిల్లలకు దానితో పాటు ఒక జామకాయ గాని, వేయించిన శనగలు గుప్పెడు గాని ఇవ్వవచ్చును. పీచు ఎక్కువైన ఆహారానికి నీరు తోడు కావలెను. నీరు త్రాగకపోతే మలబద్ధకం తగ్గుటకు బదులు పెరుగుతుంది. ఇంతవరకు పీచు తక్కువగా తిన్నవారు మొదటి వారం ఒకటితో ఆరంభించవలెను. లేనిచో కడుపు ఉబ్బరిస్తుంది.

మధుమేహం గలవారు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకొనవలెను. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచునదే. చక్కెరకు బదులు బెల్లం వేశాము గనుక మధుమేహానికి మంచిదనుట అపోహ. పై రొట్టె ఒక్కొక్కదానిలో బెల్లం సుమారు 7 గ్రాములు ఉంటుంది. అరటిపండు తీపి దానికి అదనం. మా వారికి వేరుగా కారపు రొట్టె చేస్తాను. అరటిపండు, బెల్లం, యాలకులు మాని, ములగాకు రెండు గుప్పెళ్లు, క్యారెట్ కోరు 150 గ్రాములు, ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర, జీలకర్ర, శొంఠి, ఉప్పు వేసి అదే విధంగా కాల్చవలెను. రెండూ తిన్న తరువాత వేర్వేరు రోజుల్లో రెండు గంటలకు రక్తపరీక్ష చేసి చూసుకున్నాము. తీపి రొట్టె తరువాత ఎక్కువగాను, కారపు రొట్టె తరువాత తక్కువగాను కనిపించినది. ఒక ఇంటి కొలత అందరికీ ప్రమాణం కాదు. ఎవరికి వారు పరీక్షించుకొని, తమ వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. మందులు మాత్రం మానరాదు.

మూత్రపిండాల వ్యాధి గలవారికి మాంసకృత్తులు, పొటాషియం రెండూ పరిమితమే గనుక వైద్యుని సలహా లేకుండా ఈ రొట్టెలు తినరాదు. వేరుశనగ పడనివారు దానిని మాని గుమ్మడి గింజల పొడి వేసుకొనవలెను.

నిల్వ విషయం

కాల్చిన రొట్టె మన తీరప్రాంతపు ఉక్కలో బయట ఒక్క రోజే నిలుస్తుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచవచ్చును. ఆయుర్వేదం తాజా ఆహారాన్నే కోరుతుంది గనుక నేను పొడి పదార్థాలన్నీ పది రోజులకు సరిపడా కలిపి డబ్బాలో పోసి ఉంచుతాను. తెల్లవారు జామున అరటిపండు చిదిమి, నీరు పోసి కలిపి ఒవెన్‌లో పెడితే, స్నానం ముగిసేసరికి రొట్టెలు సిద్ధం. బేకింగ్ పౌడరును మాత్రం కలిపే వేళనే వేయవలెను. ముందే కలిపితే గాలిలోని తేమకు బలం తగ్గుతుంది.

మా మనుమడు మొదటి వారం రంగు నల్లగా ఉన్నదని గునిసినాడు. రెండవ వారం పైన నువ్వులు చల్లే పని వాడికే అప్పగించాను. ఇప్పుడు వాడి డబ్బాలో కప్పు కేకు లేదు. మా కోడలు బస్సులో కూర్చుని తినుటకు రెండు రొట్టెలు కాగితంలో చుట్టుకొని వెళుతున్నది.

ఇడ్లీని, ఆవిరి కుడుమును మాని దీనినే తినమని నా మాట కాదు. వారానికి రెండు రోజులు చాలును. అయితే బేకరీ వైపు అడుగు వేసే ముందు ఇంట్లో సున్నుండల పిండి ఉన్నదేమో ఒకసారి డబ్బా తెరిచి చూడండి. ఈ విధానాన్ని ఆచరించి, తమ ఇంటి వారి అగ్నిబలాన్ని బట్టి పాళ్లు సవరించుకొని పాఠకులు ఆరోగ్యం పొందగలరని ఆశిస్తున్నాను.